ఇంట్లో ఒకరికి ఫిట్స్ ఉంటే: పడిపోయిన నిమిషం నుంచి శివరాత్రి జాగారం దాకా

ఆదోని మార్కెట్టు యార్డులోనో, కర్నూలు బస్టాండులోనో ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే ఏమవుతుందో మనందరం చూసిందే. నిమిషం తిరక్కముందే పదిమంది మూగుతారు. ఒకాయన తాళాల గుత్తి చేతిలో కుక్కుతాడు. ఇంకొకామె ఎర్రగడ్డ నలిపి ముక్కు దగ్గర పెడుతుంది. మూడో ఆయన పళ్ల మధ్య స్పూను దూర్చబోతాడు. కాసేపటికి కొట్టుకోవడం ఆగుతుంది. "చూసినారా, ఇనుము పెట్టంగానే తగ్గిపాయ" అంటారు. ఇనుముకూ దానికీ సంబంధం లేదు. చాలావరకు ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. ఆ సమయానికి చేతిలో ఏది ఉంటే ఆ ఘనత దానికి పోతుంది.

మా తమ్ముడికి పదో తరగతిలో మొదలైంది. ఇప్పుడు ఎమ్మిగనూరులో బట్టల అంగడి నడుపుకుంటున్నాడు, పెళ్లయింది, బిడ్డ ఉంది. ఇన్నేళ్లూ ఇంట్లో ఉండి చూసుకున్నవాడిగా నాకు తెలిసింది ఒక వరుసలో రాస్తున్నా. మందు ఏది, ఎంత అనేది మీ డాక్టరు చెప్పాల్సిందే. అది తప్ప మిగతా పనంతా ఇంట్లోవాళ్లదే. ఎందుకంటే ఫిట్స్ వచ్చేటప్పుడు డాక్టరు పక్కన ఉండడు, మీరే ఉంటారు. ఆయన వైద్యం మీరు చూసి చెప్పిన మాట మీద, మీరు వేళకు ఇచ్చిన మాత్ర మీద నడుస్తుంది.

ముందు పడిపోయినప్పటి సంగతి

మొట్టమొదట టైము చూడండి. ఫోనులో గంటెంతయిందో చూసి గుర్తుపెట్టుకోండి. చూస్తూ ఉంటే రెండు నిమిషాలు ఇరవై నిమిషాల్లాగా అనిపిస్తాయి, అందుకని అంచనా మీద నమ్మకం వద్దు.

తర్వాత చుట్టుపక్కల గట్టివి, పదునువి తీసేయండి. పొయ్యి, నీళ్లతొట్టి, గట్టు అంచు దగ్గర ఉంటేనే మనిషిని పక్కకు లాగండి. లేకుంటే కదిలించే పనిలేదు. తలకింద తువ్వాలో మడతపెట్టిన చొక్కానో పెట్టండి. మెడ దగ్గర గుండీ విప్పి, కళ్లద్దాలుంటే తీసేయండి. కొట్టుకోవడం కొంచెం నెమ్మదించగానే మనిషిని ఒక పక్కకు ఒత్తిగిలేటట్లు తిప్పండి. నురగ, ఎంగిలి గొంతులోకి పోకుండా బయటికి కారిపోవడానికే ఇది. నన్నడిగితే ఫిట్స్‌లో మీరు చేయగలిగిన అసలైన సాయం ఈ పక్కకు తిప్పడమే.

కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవద్దు, భుజం కీలు తప్పుతుంది. నోట్లో ఏదీ పెట్టొద్దు. నాలుక మింగేస్తారని మా జేజి కూడా అనేది. నాలుక మింగడమనేది జరిగే పని కాదు. కొరుక్కుంటారు, అది మానుతుంది. స్పూను పెడితే మాత్రం పళ్లు విరిగి గొంతులోకి పోవచ్చు, మీ వేళ్లు తెగొచ్చు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు గానీ మాత్ర గానీ తాపొద్దు.

ఆగిన తర్వాత మనిషి వెంటనే మామూలు కాడు. మగతగా ఉంటాడు, ఎక్కడున్నదీ తెలియదు, ఒక్కోసారి లేచి ఎటో నడవబోతాడు. బట్టల్లోనే మూత్రం పోయి ఉండొచ్చు. మూగిన జనాన్ని పంపించేసి, నడుముకు ఒక తుండు కప్పండి. నిద్రపోతానంటే పోనివ్వండి, పక్కన ఒకరు ఉండండి.

అయిదు నిమిషాలు దాటినా ఆగకుంటే 108కి ఫోను చేయండి. ఒకటి ఆగి, తెలివి రాకముందే రెండోది మొదలైనా అంతే. మొట్టమొదటిసారి వచ్చినవాళ్లు, గర్భిణులు, షుగరు మనుషులు, నీళ్లలో పడినవాళ్లు, తలకు దెబ్బ తగిలినవాళ్లు, ఆగినాక కూడా ఊపిరి సరిగా ఆడనివాళ్లు అయితే అయిదు నిమిషాల లెక్క కూడా చూడొద్దు, ఆసుపత్రికే. అంబులెన్సు రావడానికి టైము పట్టే పల్లెల్లో ఉండేవాళ్లు మిడజోలాం అనే ముక్కు స్ప్రే గురించి డాక్టరును అడగండి. ఆయన రాసిస్తే, ఎన్నిసార్లు కొట్టాలో ముందే నేర్చుకుని ఇంట్లో ఉంచుకోవచ్చు.

చూసింది రాసిపెట్టండి, వీలైతే వీడియో తీయండి

జనం మధ్య ఫోను పైకెత్తి వీడియో తీయడం మొరటుగా అనిపిస్తుంది. మీ మనిషిని పక్కకు తిప్పినాక ఇంకో చెయ్యి ఖాళీగా ఉంటే తీయండి. ముఖం, రెండు చేతులు, రెండు కాళ్లు కనపడాలి. డాక్టరుకు మీరు పది నిమిషాలు వర్ణించిన దానికన్నా ఆ ముప్పై సెకన్లు ఎక్కువ చెబుతాయి. పడిపోయే ప్రతిదీ ఫిట్స్ కాదు. ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడిపోవడం, షుగరు పడిపోవడం, గుండె లయ తప్పడం, మనసులోని ఒత్తిడి ఫిట్స్ రూపంలో బయటపడడం, ఇన్ని ఉన్నాయి. కళ్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, తల ముందు ఎటు తిరిగింది, మొదట ఏ చెయ్యి కొట్టుకుంది, ఇవే వాటిని విడదీసే ఆధారాలు.

రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి దీనికే పెట్టండి. మా ఇంట్లో ఉన్న దాంట్లో ఒక పుట ఇలా ఉంటుంది: "సోమవారం, తెల్లారి 6:10. మంచం మీద. తల ఎడమకు తిరిగింది, తర్వాత ఒళ్లంతా. 2 నిమిషాలు. ముందురాత్రి పెళ్లికి పోయి 2 గంటలకు పడుకున్నాడు. రాత్రి మాత్ర వేసుకోలేదు." ఇంతే చాలు. ఇలాంటివి నాలుగైదు పోగైతే వాటి మధ్య పోలిక మీకే కనపడుతుంది.

పెద్ద ఫిట్స్ ఒక్కటే కాదు, చిన్నవీ రాయండి. ఇక్కడే ఇళ్లలో చాలామంది పొరపడతారు. ఇంటర్ చదివే పిల్లాడు పొద్దున్నే లేచి కాఫీ గ్లాసు పట్టుకుంటాడు, ఉన్నట్టుండి చెయ్యి ఒక్క కుదుపు కుదిపి గ్లాసు ఎగిరి పడుతుంది. "నిద్రమత్తు వదల్లేదు" అని అమ్మ తిడుతుంది. పళ్లు తోముకుంటుంటే బ్రష్షు ఎగురుతుంది. పరీక్షలప్పుడు రాత్రి మేలుకుంటే ఎక్కువవుతాయి. ఈ పొద్దుటి కుదుపులు మూర్ఛలో ఒక రకం, ఈడొచ్చే వయసులో మొదలవుతుంది. మీరు చెప్పకుంటే డాక్టరుకు తెలిసే దారి లేదు. తెలియకుంటే మందు తప్పే ప్రమాదం ఉంది, ఎందుకంటే కొన్ని రకాల ఫిట్స్‌కు బాగా పనిచేసే కార్బమజిపైన్ (టెగ్రిటాల్ లాంటివి) ఈ కుదుపులను పెంచవచ్చు.

అలాగే బడిలో అయ్యవారు "పరధ్యానం" అని రాసి పంపిన పిల్లను ఒకసారి గమనించండి. మాట్లాడుతూ మాట్లాడుతూ పది సెకన్లు ఆగిపోయి, రెప్పలు టపటపలాడించి, మళ్లీ ఏమీ జరగనట్టు మాట అందుకుంటే, అది రోజుకు చాలాసార్లు జరిగితే, అది పొగరు కాదు, చదువు మీద అశ్రద్ధ కాదు, అదీ ఒక రకం ఫిట్స్ కావచ్చు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు జ్వరంతో వచ్చే ఫిట్స్ వేరే సంగతి. భయపెడతాయి గానీ ఎక్కువమందిలో అవి మూర్ఛ జబ్బుగా మారవు. అయినా మొదటిసారి వస్తే చూపించాలి.

ఎవరికి చూపించాలి, ఏ పరీక్షలు

కర్నూలులో పెద్దాసుపత్రి, అనంతపురంలో సర్వజనాసుపత్రి, కడపలో రిమ్స్. మీ ఊరికి ఏది దగ్గరైతే దాంతో మొదలుపెట్టండి. నేరుగా బెంగుళూరులోని పెద్ద మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు రైలెక్కేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. పోవద్దని కాదు. రెండు మూడు మందులు సరైన మోతాదులో వాడినా ఆగకుంటే, ఆపరేషన్ మాట వస్తే, అప్పుడు అలాంటి చోటికే పోవాలి. కానీ మొదటి మాత్ర మొదలుపెట్టడానికి అంతదూరం అక్కర్లేదు. నెలనెలా చూపించుకోవడానికి వీలయ్యే డాక్టరు మీకు ఎక్కువ పనికొస్తాడు. ఎక్కడికి పోయినా పాత చీటీలు, స్కానింగు ఫిల్ములు, ఆ నోటుబుక్కు ఒకే సంచిలో పెట్టుకుని పోండి.

ఈఈజీ అంటే తలకు తీగలు అంటించి మెదడులో కరెంటు నడకను గీసే పరీక్ష. నొప్పి ఉండదు. ముందురోజు తలస్నానం చేసి, నూనె పెట్టకుండా పోవాలి. ముందురాత్రి నిద్ర తగ్గించి రమ్మని కూడా కొందరు చెబుతారు. అది నార్మల్ వచ్చిందంటే జబ్బు లేదని అర్థం కాదు. ఆ అరగంటలో మెదడు నెమ్మదిగా ఉందని మాత్రమే. "రిపోర్టు బాగుంది గదా" అని మాత్రలు మానేసినవాళ్లను నేను చూశాను.

సీటీ, ఎమ్మారై చూసి "మెదడులో చిన్న మచ్చ, ఉంగరంలాగా ఉంది" అన్నారంటే కంగారు పడొద్దు. మన దేశంలో దానికి ఎక్కువగా రెండు కారణాలు: క్షయ గడ్డ, లేదా బద్దెపురుగు తిత్తి. ఈ రెండోదాన్ని పందిమాంసం తినేవాళ్ల జబ్బు అనుకుంటారు. శుద్ధ శాకాహారులకూ వస్తుంది. కడుపులో బద్దెపురుగు ఉన్న మనిషి మలంలోంచి దాని గుడ్లు మట్టిలోకి, నీళ్లలోకి, అక్కడి నుంచి కడగని కొత్తిమీర, క్యారెట్టు, చేతుల మీదుగా మన నోట్లోకి చేరతాయి. పచ్చిగా తినే ఆకును రెండు మూడు నీళ్లలో కడగమనేది ఇందుకే. మచ్చ ఉందని తెలిసి మీ అంతట మీరే నులిపురుగుల మాత్రలు కొనుక్కుని మింగొద్దు. తిత్తి చచ్చేటప్పుడు చుట్టూ వాచి ఫిట్స్ ఎక్కువవుతాయి. దానికి వాపు తగ్గించే మందు తోడు ఉండాలి.

మాత్ర

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. సరైన వైద్యం అందితే వాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. మిగతా 30లో పడతామా అని దిగులుపడే ముందు, రోజూ వేళకు మింగుతున్నామా లేదా చూసుకోండి.

ఎప్టాయిన్, టెగ్రిటాల్, వాల్పరిన్, లెవిపిల్, గార్డినాల్, పేరు ఏదైనా పద్ధతి ఒకటే. రక్తంలో మందు ఒక మట్టంలో నిలబడాలి. అందుకే పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి అని గంట కట్టుకోండి. టీవీలో వార్తలతో ముడిపెట్టుకున్నా సరే. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి పూట దగ్గరపడి ఉంటే రెండూ కలిపి మింగొద్దు. వారానికి సరిపడా మాత్రలు ఎప్పుడూ మిగులు ఉండాలి. ఊరికి పోయేటప్పుడు సగం సంచిలో, సగం జేబులో పెట్టుకోవాలి, బస్సులో సంచి పోయిందంటే ఆ రాత్రికే ఇబ్బంది. మే నెలలో బండి డిక్కీలో మాత్రలు వదలొద్దు. డబ్బు కష్టమైతే ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చేవి, జన ఔషధి అంగళ్లలో దొరికేవి వాడుకోవచ్చు. కానీ ఈ నెల ఒక కంపెనీ, వచ్చే నెల ఇంకో కంపెనీ అని మార్చుకుంటూ పోవద్దు.

హఠాత్తుగా మానేయడం అన్నిటికన్నా చెడ్డది. ఆగకుండా వచ్చే ఫిట్స్‌తో ఆసుపత్రికి చేరేవాళ్లలో మందు మానేసినవాళ్లు ఎందరో. కనీసం రెండేళ్లు ఒక్క ఫిట్ కూడా రాకుంటే డాక్టరు నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించి ఆపడం గురించి ఆలోచిస్తాడు. అన్ని రకాల్లోనూ అది కుదరదు. పైన చెప్పిన పొద్దుటి కుదుపుల రకంలో చాలాకాలం వాడాల్సి వస్తుంది.

మందుతో వచ్చే ఇబ్బందులు కూడా అదే నోటుబుక్కులో రాయండి. ఎప్టాయిన్‌తో కొందరికి చిగుళ్లు వాస్తాయి, పళ్లు శుభ్రంగా తోముకోవాలి. లెవిపిల్‌తో కొందరికి ముక్కు మీద కోపం వస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని గుణం అనుకుని గొడవపడతారు, డాక్టరుకు చెబితే మార్గం ఉంటుంది. టెగ్రిటాల్, ఎప్టాయిన్ మొదలుపెట్టిన మొదటి వారాల్లో ఒంటి మీద దద్దు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఆర్‌ఎంపీ దగ్గర జ్వరానికి, నొప్పికి సూది వేయించుకునేటప్పుడు మూర్ఛ ఉందని ముందే చెప్పండి. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్కులు కొందరికి ఫిట్స్ తెప్పిస్తాయి. పిల్లలకు జలుబు చేస్తే కర్పూరం తినిపించే అలవాటుంటే మానండి, కడుపులోకి పోయిన కర్పూరం ఫిట్స్ తెప్పిస్తుంది.

ఆడపిల్లల విషయంలో ఇంకొక మాట. వాల్‌ప్రోయేట్ మందు (వాల్పరిన్ లాంటివి) కడుపులో బిడ్డకు ప్రమాదం. పెళ్లీడు వస్తోందంటే గర్భం వచ్చేదాకా ఆగకుండా ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్చగలరేమో అడగాలి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. గర్భం వచ్చిందని తెలియగానే భయపడి మాత్రలన్నీ ఒక్కసారి ఆపేయడం తల్లికీ బిడ్డకూ ఇంకా ప్రమాదం.

ఇల్లు, మిద్దె, నీళ్లు

సీమలో ఎండాకాలం రాత్రి మిద్దె మీద చాప వేసుకోనిదే నిద్ర పట్టదు. పిట్టగోడ లేని మిద్దె మీద ఫిట్స్ ఉన్న మనిషిని పడుకోబెట్టొద్దు. గోడ ఉన్నా అంచుకు దూరంగా, పక్కన ఒకరు ఉండాలి. ఎత్తు మంచం కన్నా నేలమీద పరుపు మేలు. బావిలో, కేసీ కాలువలో ఒంటరి ఈత వద్దే వద్దు. స్నానాల గది గడియ పెట్టుకోకుండా తలుపు దగ్గరికి వేసి, బయట ఒక తువ్వాలు వేలాడదీస్తే లోపల మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. నేలపొయ్యి మీద సంగటి కెలికే పని ఇంకొకరికి ఇవ్వండి. గ్యాసు పొయ్యి అయితే గట్టు మీద, గిన్నె లోపలి వైపు బర్నరు మీద.

తలంటు గురించి విడిగా చెప్పాలి. దక్షిణాదిలో, ముఖ్యంగా కర్ణాటకలో, వేడినీళ్ల ఫిట్స్ అని ఒకటుంది. నిమ్హాన్స్ వైద్యులు దీనిమీద చాలా పని చేశారు. ఒంటికి వేడినీళ్లు పోసుకుంటే ఏమీ కాదు. తలమీద కాగే నీళ్లు చెంబు తర్వాత చెంబు గబగబా కుమ్మరిస్తే ఫిట్స్ వస్తాయి. కొందరికి ఆ క్షణంలో హాయిగా అనిపించి ఇంకా ఇంకా పోసుకుంటారు కూడా. మన ఇళ్లలో దీపావళి పొద్దున, ఉగాది పొద్దున పిల్లాడిని కూర్చోబెట్టి నూనె అంటి, అవ్వ పొగలు కక్కే నీళ్లు పోసేది సరిగ్గా అలాగే. స్నానంలో మాత్రమే చూపు నిలబడిపోవడం, మాట తడబడడం, పడిపోవడం జరుగుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. నీళ్లు గోరువెచ్చగా ఉంచి, తలను తడిగుడ్డతో తుడవడమో, కొద్దికొద్దిగా పోయడమో చేస్తే కొందరికి అంతటితోనే ఆగిపోతుంది. కొందరికి స్నానానికి ముందు మాత్ర వేస్తారు.

జాగారం, ఒక్కపొద్దు, రోజా

నిద్ర చెడితే ఫిట్స్ వస్తాయి. ఈ ఒక్క మాట మన పండుగల క్యాలెండరు పక్కన పెట్టి చూడండి. శివరాత్రికి శ్రీశైలం, మహానంది, యాగంటి, రాత్రంతా జాగారం. ఊరి జాతర, పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి. మా తమ్ముడు శివరాత్రికి గుడికి వస్తాడు, పదికల్లా ఇంటికొచ్చి మాత్ర వేసుకుని పడుకుంటాడు. మొదట్లో చుట్టాలు గొణిగారు. మా నాయన "వాని జాగారం నేను చేస్తాలే" అనేశాడు, ఆ మాటతో అయిపోయింది.

ఒక్కపొద్దు ఉన్నా మాత్ర మానొద్దు, నీళ్లు మానొద్దు. రంజాను ఉపవాసం ఉండదలిచినవాళ్లు నెల ముందే డాక్టరును కలిసి, మాత్రను సహరీకి, ఇఫ్తార్‌కు సర్దడం కుదురుతుందో లేదో అడగాలి. కుదరదంటే జబ్బు మనిషికి మతంలోనే మినహాయింపు ఉంది. సారాయి, బ్రాందీ సంగతి వేరే చెప్పాలా, తాగినా ప్రమాదమే, రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ వస్తాయి.

కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకోవద్దని, ఉరుకుంద ఈరన్న దగ్గరికి, కడప పెద్ద దర్గాకు పోవద్దని నేను చెప్పను. మాత్రల పొట్లం కూడా సంచిలో పెట్టుకుని పోండి.

బండి, పెళ్లి, మనసు

డ్రైవింగు లైసెన్సుకు ఇచ్చే దరఖాస్తులో మూర్ఛ ఉందా అని సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది. దాచి లైసెన్సు తీసుకుంటే, రేపు ఏదైనా జరిగితే పోయేది వాళ్ల ప్రాణం ఒక్కటే కాదు. బండి లేకుంటే పల్లెలో మగపిల్లాడికి కాళ్లు విరిచినట్టుంటుంది, నాకు తెలుసు. బండి తోలడం అవసరం లేని పని, ఇంటికి దగ్గరి పని ముందే చూసుకుంటే ఆ బాధ సగం తగ్గుతుంది. ట్రాక్టరు, నూర్పిడి మిషను, బోరు మోటారు స్టార్టరు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. 1999లో హిందూ వివాహ చట్టంలోంచి, ప్రత్యేక వివాహ చట్టంలోంచి మూర్ఛ అనే మాటనే తీసేశారు. అయినా అవతలివాళ్లకు మాటలప్పుడే చెప్పండి. దాచిపెడితే కోడలు మాత్రలు దిండు గలీబులో దాచుకుని, ఎవరూ చూడని వేళ మింగాల్సి వస్తుంది, ఎవరో ఒకరు చూస్తున్నారని కొన్ని పూటలు మానేస్తుంది. ఆ మానేసిన పూటే ఫిట్స్ బయటపడతాయి.

దిగులు ఈ జబ్బుకు తోడుగా వస్తుంది. తిండి సహించక, నిద్రలేక, "నేను ఎందుకు" అనే మాటలు వింటుంటే ఊరుకోవద్దు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఇక బయటికి పోయేటప్పుడు చొక్కా జేబులో ఒక అట్టముక్క పెట్టండి. తెలుగులోనే, పెద్ద అక్షరాలతో రాయండి. మా తమ్ముడి దాంట్లో ఇలా ఉంది: "నాకు ఫిట్స్ ఉన్నాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు తాపొద్దు. 5 నిమిషాలు దాటితే 108. నేను వాడే మందు ఇది. మా అన్న నంబరు ఇది." వెనకవైపు వాడే తన చేత్తో ఇంకొక వాక్యం చేర్చుకున్నాడు: "తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి."